రూట్ కెనాల్ చేయించుకున్న పన్నును ఏళ్ళ తరబడి నిలబెట్టుకోవడం ఎలా?

రూట్ కెనాల్ (పన్ను లోపల పాడైన గుజ్జు తీసి, వేర్లలోని కాలువలు శుభ్రం చేసి నింపే చికిత్స) చేసిన పళ్ళను చివరికి ఎందుకు పీకాల్సి వస్తోందని వెతికిన పరిశోధకులకు ఒకే జవాబు మళ్ళీ మళ్ళీ దొరికింది. వేరు లోపల చేసిన చికిత్స చెడిపోవడం వల్ల పోయే పళ్ళు తక్కువ. క్యాప్ (పన్నుకు పైనుంచి వేసే తొడుగు) లేక చీలిపోయినవి, ఫిల్లింగ్ అంచున మళ్ళీ పుచ్చినవి, చిగుళ్ళ జబ్బుతో కదిలిపోయినవి చాలా ఎక్కువ. డాక్టరు కుర్చీలో గడిపే గంటలు ఎంత ముఖ్యమో, ఆ తర్వాతి నెలల్లో మీరు చేసేవి, చేయకుండా వదిలేసేవి కూడా అంతే ముఖ్యమన్నమాట.

మన దగ్గర మాత్రం నొప్పి తగ్గగానే చాలామంది క్లినిక్ వైపు వెళ్ళడం మానేస్తారు. తాత్కాలిక ఫిల్లింగ్‌తోనే నెలలు గడిచిపోతాయి. ఒకరోజు అన్నం తింటుంటే దవడపన్నులో సగం విరిగి నోట్లోకి వస్తుంది. "రూట్ కెనాల్ పనిచేయలేదు" అనుకుంటారు. నిజానికి అక్కడ రూట్ కెనాల్ పూర్తే కాలేదు. క్యాప్ పడి, ఏడాది తర్వాత ఎక్స్‌రేలో ఎముక బాగుందని తేలేదాకా చికిత్స నడుస్తున్నట్టే లెక్క. కింది మెట్లన్నీ ఆ లెక్కతోనే రాసినవి.

1. అసలు అవసరమో కాదో తేల్చుకోండి

పన్ను మధ్యలో రక్తనాళాలు, నరాలు ఉన్న మెత్తటి గుజ్జు ఉంటుంది. మనం "నరం" అనేది దాన్నే. పుచ్చు లోతుకు దిగి సూక్ష్మక్రిములు ఆ గుజ్జును చేరితే వాపు మొదలవుతుంది. ఆ వాపు తిరిగి మానే దశలో ఉందా, దాటిపోయిందా అన్నదే నిర్ణయించాల్సిన విషయం.

చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమని, నీళ్ళు మింగగానే రెండు మూడు సెకన్లలో తగ్గిపోతుంటే గుజ్జు ఇంకా బతికే ఉంది. పుచ్చు తీసి ఫిల్లింగ్ పెడితే సరిపోవచ్చు. చల్లదనం పోయినా అర నిమిషం పైగా సలుపుతుంటే, ఏమీ తినకుండానే నొప్పి లేస్తుంటే, రాత్రి పడుకోగానే ఎక్కువవుతుంటే గుజ్జు కోలుకునే దశ దాటిందని అర్థం. వేడి కాఫీ తగిలితే పోటు ఎక్కి, చల్లటి నీళ్ళు పుక్కిట పడితే తగ్గడం కూడా ఆ దశలో కనిపించేదే.

నాలుగు రోజులు నరకం చూపించిన నొప్పి హఠాత్తుగా మాయమైతే సంతోషించకండి. గుజ్జు చచ్చిపోయింది, అంతే. కొన్ని వారాలకో నెలలకో నమిలినప్పుడు నొప్పి వస్తుంది, లేదా చిగురు మీద చిన్న చీము పొక్కు లేచి చితుకుతూ మళ్ళీ వస్తూ ఉంటుంది.

నొప్పి ఏ పన్నుదో మీరు తప్పు చెప్పే అవకాశం ఎక్కువ. కింది దవడపన్ను నొప్పి చెవిలో తెలుస్తుంది. సైనస్ నిండినప్పుడు పై దవడపళ్ళన్నీ కలిసి నొస్తాయి. అందుకే డాక్టరు మీరు చూపించిన పన్నుతో ఆగకుండా పక్క పన్నుకూ, ఎదురు పన్నుకూ చల్లటి దూది తాకించి, తట్టి, చిగురు లోతు కొలిచి పోల్చి చూడాలి. ఒక్క ఎక్స్‌రే చూసి నిర్ణయించేస్తే సరిపోదు. వేరు చుట్టూ ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా కరిగితే తప్ప మామూలు ఎక్స్‌రేలో నల్లటి మచ్చ కనిపించదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నంత మాత్రాన పన్ను బాగున్నట్టు కాదు.

ఇక్కడే రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది: పైభాగం గుజ్జు మాత్రమే తీసి, బయోసెరామిక్ సిమెంటు పెట్టి, వేర్లలోని గుజ్జును బతికించే వీలుందా? ఒకప్పుడు పిల్లల పళ్ళకే చేసే ఈ పద్ధతిని ఇప్పుడు పెద్దవాళ్ళ దవడపళ్ళకూ, తగిన కేసుల్లో, చేస్తున్నారు. రెండోది: ఈ పన్నుకు క్యాప్ నిలుస్తుందా? చిగురు పైన గట్టి పన్ను చుట్టూ కనీసం 2 మిల్లీమీటర్లయినా మిగలకపోతే, పగులు వేరులోకి దిగిపోయి ఉంటే, చుట్టూ ఎముక బాగా తగ్గిపోయి ఉంటే, లోపల ఎంత చక్కగా చేసినా ఆ పన్ను నిలవదు. ఈ మాట రూట్ కెనాల్ అయ్యాక కాదు, మొదలుపెట్టక ముందే వినాలి.

పై పన్ను జోలికి వెళ్తే కంటిచూపు పోతుందని భయపడి నెలల తరబడి మాత్రలతో నెట్టుకొచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. పై పళ్ళ నరాలకు చూపుతో సంబంధం లేదు. చీమును లోపల ఉంచుకోవడమే ప్రమాదం.

2. వెళ్ళే ముందు

షుగరు, బీపీ సంగతి అడగకపోయినా చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. రూట్ కెనాల్‌కు సాధారణంగా వాటిని ఆపాల్సిన పని ఉండదు, ఆపడం వల్ల గుండెకు వచ్చే ముప్పే పెద్దది. గుండె కవాటం మార్చుకున్నవాళ్ళు, ఇంతకుముందు గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళు చికిత్సకు ముందే ఒక మోతాదు యాంటీబయోటిక్ వేసుకోవాలి. పెన్సిలిన్ పడనివాళ్ళు కాకపోతే సాధారణంగా అది 2 గ్రాముల అమాక్సిసిలిన్, 30 నుంచి 60 నిమిషాల ముందు. ఎముకలు గుల్లబారినందుకు జోలెడ్రోనేట్ ఇంజక్షన్లు, అలెండ్రోనేట్ మాత్రలు తీసుకుంటున్నవాళ్ళకు పన్ను పీకడం కంటే రూట్ కెనాల్ మేలు. గర్భిణులకు నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు అనుకూలమైన కాలం, చీము, వాపు ఉంటే మాత్రం ఏ నెలలోనైనా ఆలస్యం చేయకూడదు.

ఖాళీ కడుపుతో వెళ్ళకండి. షుగరు ఉన్నవాళ్ళు టిఫిన్ తిని, రోజూ వేసుకునే మందులు వేసుకుని, పొద్దుటి అపాయింట్‌మెంట్ తీసుకోవడం మంచిది.

మందుల షాపులో అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కొనుక్కుని వేసుకోవడం దాదాపు అలవాటైపోయింది. దీన్ని గట్టిగా చెప్పక తప్పదు: వాపూ జ్వరమూ లేని పంటినొప్పికి యాంటీబయోటిక్ పనిచేయదు. చచ్చిన గుజ్జుకు రక్తప్రసారం ఉండదు, రక్తం చేరని చోటికి మందు ఎలా చేరుతుంది? అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019 మార్గదర్శకాలు కూడా ఇలాంటి నొప్పికి వద్దనే చెప్పాయి. జ్వరం, ముఖం మీదికి పాకుతున్న వాపు ఉంటేనే వాటి అవసరం. అప్పుడు కూడా చీముకు దారి చేయడమే అసలు చికిత్స.

కింది దవడ కింద గట్టిగా వాచి, నోరు తెరుచుకోక, మింగడం కష్టమై, గొంతు మారితే పంటి క్లినిక్‌కు కాదు, నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి. ఊపిరి ఆడకుండా చేసే వాపు అది. గంటల్లో ముదురుతుంది.

నొప్పి ఆగేదాకా లవంగ నూనె ఒక చుక్క దూదికి అద్ది పుచ్చు గుంటలో పెట్టుకోవచ్చు, చిగురుకు తగలనీయకండి. ఆస్పిరిన్ మాత్ర చిగురు మీద పెడితే తోలు తెల్లగా కాలిపోతుంది. చీము గడ్డ మీద బుగ్గకు బయటినుంచి వేడి కాపడం పెట్టకండి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఒకే కాలువ ఉండే ముందు పన్నును అనుభవమున్న బీడీఎస్ డాక్టరు చక్కగా చేస్తారు. వంకర వేర్లున్న దవడపన్ను, గతంలో ఒకసారి చేసి విఫలమైన పన్ను అయితే కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ, ఎండోడాంటిక్స్‌లో, అంటే రూట్ కెనాల్ నైపుణ్యం నేర్పే విభాగంలో, ఎండీఎస్ చేసినవారిని వెతకండి. మైక్రోస్కోప్ వాడేవారైతే ఇంకా మంచిది. ఖర్చు భారమైతే హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. ఎక్కువసార్లు తిరగాల్సి రావచ్చు, కానీ పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో పని జరుగుతుంది.

డబ్బు మాట్లాడుకునేటప్పుడు రూట్ కెనాల్, బిల్డప్ (క్యాప్ కింద పన్నును తిరిగి కట్టే ఫిల్లింగ్), క్యాప్ మూడూ కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. క్యాప్‌కు డబ్బు సరిపోకే చాలామంది మధ్యలో ఆగిపోతున్నారు. మొత్తం ముందే తెలిస్తే, కుదరని పక్షంలో ఇంకో దారి అప్పుడే ఆలోచించుకోవచ్చు.

3. కుర్చీలో జరిగేది, మీరు గమనించాల్సింది

మొదట మత్తు. అడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకెయిన్ సాధారణంగా వాడతారు. వాపు తీవ్రంగా ఉన్న కింది దవడపన్నుకు ఒక్క ఇంజక్షన్ చాలకపోవడం తరచుగా జరిగేదే. పెదవి మొద్దుబారుతుంది, పన్ను మాత్రం నొస్తూనే ఉంటుంది. అది మీ భయం వల్ల కాదు. వాచిన కణజాలంలో ఆమ్లగుణం పెరిగి మందు నరంలోకి సరిగా చొరబడదు, నరమే చిన్న తాకిడికి కూడా రేగిపోయే స్థితిలో ఉంటుంది. ఎడమ చెయ్యెత్తితే ఆపాలని ముందే మాట్లాడుకోండి. ఆర్టికెయిన్ అనే ఇంకో మత్తుమందు అదనంగా ఇవ్వడం, పన్ను పక్క సందులో, ఎముకలో, చివరికి గుజ్జులోకే నేరుగా ఇవ్వడం లాంటి దారులున్నాయి. అల్సరు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం, గర్భం, రక్తం పలచబడే మందులు లేనివాళ్ళు డాక్టరును అడిగి గంట ముందు ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు వేసుకుంటే మత్తు బాగా పడుతుంది.

తర్వాత రబ్బరు డ్యామ్. పల్చటి రబ్బరు షీటుకు రంధ్రం చేసి, క్లిప్పుతో ఆ ఒక్క పన్ను మాత్రమే బయటికి వచ్చేలా బిగిస్తారు. న్యూయార్క్ డాక్టరు శాన్‌ఫర్డ్ బార్నమ్ 1864లో దీన్ని మొదలుపెట్టారు, ఈనాటికీ దీనికి సాటి లేదు. ఎందుకంత పట్టుదలో తెలియాలంటే 1965లో అమెరికాలో ఎలుకల మీద జరిగిన ప్రయోగం చూడాలి. సూక్ష్మక్రిములే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల పంటి గుజ్జును తెరిచి, నోట్లోకి అలాగే వదిలేశారు. తిండి ఇరుక్కుపోయినా గుజ్జు చావలేదు, పైగా కొత్త గట్టి పొర కట్టింది. మామూలు ఎలుకల్లో గుజ్జు చచ్చి చీము పట్టింది. జబ్బుకు కారణం క్రిములే. లాలాజలంలో అవి కోట్లలో ఉంటాయి. అది లోపలికి జారుతుండగా కాలువ కడగడంలో అర్థం లేదు. పైగా రబ్బరు షీటు ఉంటే సన్నటి సూదుల్లాంటి ఫైళ్ళు గొంతులోకి జారవు, కడిగే మందు నాలుక మీద పడదు. దూది ఉండలతో సరిపెడతామంటే ఇంకో క్లినిక్ చూసుకోవడమే మంచిది. రబ్బరు పడనివాళ్ళకు వేరే పదార్థంతో చేసిన షీట్లున్నాయి. జలుబు చేసి ముక్కు దిబ్బడ వేసి ఉంటే అపాయింట్‌మెంట్ వాయిదా వేసుకోండి, ముక్కుతోనే ఊపిరి తీసుకోవాలి కాబట్టి.

పుచ్చు, పాత ఫిల్లింగ్ పూర్తిగా తీశాక కాలువల వేట మొదలవుతుంది. పైన మొదటి దవడపన్నుకు వేర్లు మూడే, కాలువలు మాత్రం ఎక్కువమందిలో నాలుగు. ముందు వైపు బుగ్గ పక్కనున్న వేరులో దాగిన ఆ రెండో కాలువ దొరక్కపోవడం తర్వాత విఫలమయ్యే పళ్ళలో తరచుగా కనిపించే కారణం. కింది మొదటి దవడపన్నులో సాధారణంగా మూడో నాలుగో ఉంటాయి. "ఎన్ని కాలువలు దొరికాయి?" అని తప్పకుండా అడగండి, మీ కాగితంలో రాయించుకోండి.

కాలువ పొడవును ఎపెక్స్ లొకేటర్ అనే యంత్రంతో కొలిచి, ఎక్స్‌రేతో సరిచూసుకుంటారు. పని వేరు కొసకు అర నుంచి ఒక మిల్లీమీటరు ముందే ఆగాలి. ఆ తర్వాత నికెల్ టైటానియం ఫైళ్ళతో కాలువను వెడల్పు చేస్తారు. చాలామంది ఇదే అసలు పని అనుకుంటారు కానీ, కాలువ గోడలో మూడో వంతుకు పైగా ఏ ఫైలూ తాకనే తాకదు. సందులూ గొందులూ, పక్క పాయలూ ఉంటాయి. వాటిని శుభ్రం చేసేది కడగడం ఒక్కటే. సోడియం హైపోక్లోరైట్, అంటే పలచటి బ్లీచు ద్రావణం, ఎక్కువ మొత్తంలో, ఎక్కువసేపు, మళ్ళీ మళ్ళీ కొత్తగా పోస్తూ కడగాలి. ఈత కొలను వాసన వస్తుంది. చివర్లో 17 శాతం ఇడిటిఎ ఒక నిమిషం పాటు పెట్టి గోడలకు అంటిన పొడిని కరిగిస్తారు. అల్ట్రాసోనిక్ మొనతో ద్రావణాన్ని కదిలిస్తే ఇంకా లోతుకు వెళ్తుంది. కాబట్టి "పావుగంటలో దవడపన్ను రూట్ కెనాల్" అన్న ప్రకటన చూసి మురిసిపోకండి. కడగడానికి సమయం కావాలి.

కడుగుతుండగా మత్తును కూడా తోసుకుని భగ్గున మంట వస్తే వెంటనే చెయ్యెత్తండి. ద్రావణం వేరు కొస దాటి కండలోకి వెళ్ళిందేమో చూడాలి. ఇది అరుదు. నిమిషాల్లో బుగ్గ వాచి, తర్వాత నల్లగా కమిలిపోతుంది. చూడ్డానికి భయంగా ఉన్నా సరైన సంరక్షణతో చాలావరకు వారాల్లో సర్దుకుంటుంది.

ఫైలు లోపల విరగడం కూడా జరుగుతుంటుంది. మంచి చేతుల్లోనూ జరుగుతుంది. అప్పటికే కాలువ శుభ్రమై ఉంటే ఆ ముక్క లోపలే ఉన్నా పన్ను ఏళ్ళ తరబడి ఉంటుంది, క్రిములు మిగిలిన కాలువలో ముందే విరిగితేనే చిక్కు. రోగికి చెప్పడం డాక్టరు బాధ్యత, ఎక్స్‌రేలో చూపించమని అడగడం మీ హక్కు.

చీము, వాపు లేని పన్నును ఒకే సిట్టింగులో పూర్తిచేసినా రెండు మూడు సిట్టింగుల్లో చేసినా దీర్ఘకాలపు ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు. చీము కారుతూ ఉంటే కాల్షియం హైడ్రాక్సైడ్ లోపల పెట్టి ఒకటి రెండు వారాల తర్వాత రమ్మంటారు. ఆ తేదీకి వెళ్ళండి. ఆ మందు నెలల తరబడి లోపలే ఉండిపోతే వేరు పెళుసుబారుతుంది.

చివరికి గట్టాపర్చా అనే రబ్బరులాంటి పదార్థం, సీలర్ పేస్టుతో కాలువను నింపుతారు. ఆఖరి ఎక్స్‌రేను మీ ఫోన్లోకి తీసుకోండి. తెల్లటి గీత మధ్యలో ఖాళీల్లేకుండా, వేరు కొసకు 2 మిల్లీమీటర్లలోపు ఆగి, బయటికి పొడుచుకు రాకుండా ఉండాలి. స్వీడన్‌లో 1990లో వెలువడిన అధ్యయనం, చీము మచ్చ ఉన్న పళ్ళను ఎనిమిది పదేళ్ళ తర్వాత చూసింది. కొసకు 2 మిల్లీమీటర్లలోపు నింపినవి 94 శాతం మానాయి. కొస దాటిపోయినవి 76 శాతం, మరీ పొట్టిగా ఆగినవి 68 శాతమే మానాయి.

4. మొదటి వారం

మత్తు రెండు నుంచి నాలుగు గంటలుంటుంది. అది పోయేదాకా ఏమీ నమలకండి, పెదవి కొరుక్కున్నా తెలియదు. మర్నాడు కొంత నొప్పి సహజం. అనేక అధ్యయనాలను కలిపి చూస్తే మొదటి 24 గంటల్లో దాదాపు 40 శాతం మందికి ఎంతో కొంత నొప్పి ఉంది, వారానికి అది 11 శాతానికి తగ్గింది. పడేవాళ్ళు ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు కలిపి, అన్నం తిన్నాక, ఎనిమిది గంటలకోసారి రెండు రోజులు వాడితే చాలావరకు సరిపోతుంది. రోజులు గడిచేకొద్దీ నొప్పి తగ్గుతూ రావాలి. మూడో రోజు నుంచి పెరుగుతుంటే ఫోన్ చేయండి.

నోరు మూయగానే ఆ పన్నే ముందు తగులుతోందా? ఓర్చుకోకండి. ఎత్తుగా ఉన్న ఫిల్లింగ్‌ను అరగదీయడం ఐదు నిమిషాల పని. తాత్కాలిక ఫిల్లింగ్ ఊడిపోతే ఒకటి రెండు రోజుల్లోనే మళ్ళీ పెట్టించుకోండి. అది కనీసం మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటేనే లాలాజలాన్ని ఆపుతుంది, అదీ రెండు మూడు వారాల పాటే.

5. క్యాప్: ఇక్కడే పళ్ళు పోతున్నాయి

రూట్ కెనాల్ చేసిన పన్ను "ఎండిపోయి" విరగదు. పుచ్చు తిన్నది కొంత, లోపలికి దారి కోసం తవ్వింది కొంత, మధ్యభాగం ఖాళీ అవుతుంది. దవడపన్ను పక్క గట్లు పోయాక మిగిలిన మొనలు ప్రతి నమలికకూ రవ్వంత విడిపోతుంటాయి. కట్టెలో దిగిన గొడ్డలిలా, ఒకరోజు ఏ వక్కపలుకో పడి పన్నును రెండుగా చీల్చేస్తుంది. పగులు చిగురు దాటి వేరులోకి దిగితే ఇక చేసేదేమీ లేదు. క్యాప్ ఆ మొనలన్నిటినీ బయటినుంచి పట్టి ఉంచుతుంది.

అమెరికాలో బీమా రికార్డుల ఆధారంగా 14 లక్షలకు పైగా పళ్ళను ఎనిమిదేళ్ళు గమనించి 2004లో ప్రచురించిన లెక్కలో, రూట్ కెనాల్ చేసిన పళ్ళలో 97 శాతం నోట్లోనే ఉన్నాయి. పీకాల్సి వచ్చిన కొద్ది పళ్ళలో 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు. 2002 నాటి మరో అధ్యయనంలో క్యాప్ లేని పళ్ళు క్యాప్ ఉన్నవాటి కంటే ఆరు రెట్లు వేగంగా పోయాయి.

ఎప్పుడు వేయించుకోవాలి? నొప్పి సద్దుమణిగితే రెండు నుంచి నాలుగు వారాల్లో. "లోపలి పుండు మానాక చూద్దాం" అని ఆగకండి. ఎముక పూర్తిగా మానడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. వెంటనే క్యాప్ కుదరకపోతే తాత్కాలిక ఫిల్లింగ్ తీయించి కాంపోజిట్‌తో (పన్ను రంగు పదార్థంతో) గట్టి ఫిల్లింగ్ అయినా పెట్టించి, మొనల ఎత్తు తగ్గించమని అడగండి. తాత్కాలిక మందుతో నెలలు నెట్టడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు.

క్యాప్ కింద బిల్డప్ నిలబడేంత పన్ను మిగలనప్పుడే వేరులో పోస్టు, అంటే బిల్డప్‌కు ఆధారంగా సన్నటి కడ్డీ, పెట్టాలి. పోస్టు పన్నును బలపరుస్తుందన్నది తప్పు. దాని కోసం వేరును ఎక్కువ తవ్వితే బలహీనపడుతుంది. పోస్టు పెట్టినా వేరు కొసన 4, 5 మిల్లీమీటర్ల గట్టాపర్చా తప్పక మిగలాలి. ఇక క్యాప్ అంచు బిల్డప్ మీద ఆగకుండా, గట్టి పన్నును చుట్టూ 2 మిల్లీమీటర్ల మేర పట్టుకోవాలి. ఈ ఒక్క పట్టు మీదే ఏళ్ళ మన్నిక ఆధారపడి ఉంటుంది.

మెటల్, మెటల్ మీద సెరామిక్, జిర్కోనియా, ఏదైనా పనిచేస్తుంది. వెనక పన్నుకు మెటల్ క్యాప్ చవకే, బాగా మన్నుతుంది కూడా. జిర్కోనియాతో పాటు ఇచ్చే పదేళ్ళ, పదిహేనేళ్ళ వారంటీ కార్డు క్యాప్ పగిలితేనే వర్తిస్తుంది, కింద పన్ను పుచ్చితే కాదు. అందుకే కార్డు కంటే అంచు చూడండి. అతికించే ముందు అద్దంలో చూపించమనండి. గోరుతో గీస్తే మెట్టు తగలకూడదు. పక్క పన్నుకూ క్యాప్‌కూ మధ్య ఫ్లాస్ దారం టక్కుమని బిగుతుగా దిగాలి. వదులుగా దిగితే రోజూ అన్నం ఇరుక్కుంటుంది, ఏడాదిలో అక్కడే పుచ్చు మొదలవుతుంది.

ముందు పళ్ళ సంగతి వేరు. వెనక చిన్న రంధ్రం తప్ప మిగతా పన్ను గట్టిగా ఉంటే కాంపోజిట్ ఫిల్లింగ్ చాలు. రంగు మారితే క్యాప్ కోసం అరగదీయడానికి ముందు, లోపలినుంచి తెల్లబరిచే పద్ధతి గురించి అడగండి.

6. ఏడాది తర్వాత ఎక్స్‌రే

నొప్పి లేకపోవడం మానినట్టు రుజువు కాదు. వేరు కొస దగ్గర వాపు ఏళ్ళ తరబడి మౌనంగా ఉండగలదు. క్యాప్ వేసిన ఏడాదికి తప్పకుండా ఒక ఎక్స్‌రే తీయించండి. మచ్చ ముందు నుంచీ పెద్దగా ఉంటే ఆరు నెలలకు కూడా ఒకటి. మానేదైనా కొత్తగా చెడేదైనా ఎక్కువగా మొదటి ఏడాదిలోనే జాడ చూపిస్తుంది. పాత ఎక్స్‌రే పక్కన పెట్టి పోల్చాలి, అందుకే ఫోన్లో దాచుకోమన్నది. మచ్చ చిన్నదవుతూ ఉంటే తొందరపడక్కర్లేదు, పూర్తిగా పోవడానికి నాలుగేళ్ళ దాకా సమయం ఇస్తారు. అదే సైజులో ఉన్నా, పెరిగినా లోపల క్రిములు మిగిలినట్టే అనుమానించాలి. ఒక్క పన్ను ఎక్స్‌రేలో రేడియేషన్ చాలా స్వల్పం, ఒకరోజు ప్రకృతిలో సహజంగా మన మీద పడేదానికి మించదు.

ఎంత ఆశించవచ్చు? లండన్‌లోని ఈస్ట్‌మన్ దంత సంస్థ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటిసారి చేసిన రూట్ కెనాల్‌లో 83 శాతం, రెండోసారి చేసినవాటిలో 80 శాతం వేర్ల దగ్గర ఎముక పూర్తిగా మానింది. నాలుగేళ్ళకు 95 శాతం పళ్ళు నోట్లోనే ఉన్నాయి. మొదలుపెట్టేనాటికి వేరు కొసన మచ్చ లేని పన్నుకు ఫలితం ఇంకా మెరుగు. పైన చెప్పిన స్వీడన్ అధ్యయనంలో అలాంటివి 96 శాతం బాగున్నాయి, మచ్చతో మొదలైనవి 86 శాతం. చీము పట్టేదాకా ఆగకుండా ముందే వెళ్ళడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. షుగరు అదుపులో లేనివాళ్ళకు, పొగ తాగేవాళ్ళకు మానడం నెమ్మదిస్తుంది.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఈ పన్నులో ఇక నరం లేదు, క్యాప్ అంచున మళ్ళీ పుచ్చినా జివ్వుమనదు. మీకు తెలిసేసరికి సగం పోయి ఉంటుంది. కాబట్టి ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా, బ్రష్షును చిగురు అంచుకు ఆనించి తోమండి. పడుకునే ముందు ఫ్లాసో సందుల బ్రష్షో వాడండి. వక్కలు, గట్టి సకినాలు, మూలగ ఎముకలు ఆ పక్కన కొరకకండి. సోడా మూత పళ్ళతో తీయడం ఏ పన్నుకూ మంచిది కాదు. నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంటే నైట్ గార్డ్ (రాత్రి పళ్ళకు పెట్టుకునే తొడుగు) చేయించుకోండి.

7. మళ్ళీ తేడా వస్తే

నమిలితే నొప్పి, చిగురు మీద పొక్కు, చిగురుకూ పన్నుకూ మధ్య ఒక్కచోట మాత్రమే లోతైన సందు. వీటిలో ఏది కనిపించినా నేరుగా "పీకేయండి" అనకండి. ముందు కారణం తెలియాలి. దొరకని కాలువా, కారుతున్న క్యాపా, పగులా? మామూలు ఎక్స్‌రేలో తేలకపోతే ఆ భాగం వరకే సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీస్తారు.

కాలువ మిగిలిపోయినా, పాత నింపుడు పొట్టిగా ఉన్నా రీట్రీట్‌మెంట్ మొదటి దారి. పాత గట్టాపర్చా తీసి, కడిగి, మళ్ళీ నింపుతారు. పైనుంచి వెళ్ళే వీలు లేకపోతే, బలమైన పోస్టు అడ్డున్నా, చిగురు తెరిచి వేరు కొసలో 3 మిల్లీమీటర్లు కోసి, కిందినుంచి ఎంటీఏ లాంటి సిమెంటుతో మూస్తారు. ఈ శస్త్రచికిత్సకు మైక్రోస్కోప్ ఉందా లేదా అన్నది తప్పకుండా అడగండి. అధ్యయనాలను కలిపి చూసిన 2010 నాటి విశ్లేషణలో పాత పద్ధతికి 59 శాతం, మైక్రోస్కోప్‌తో చేసే కొత్త పద్ధతికి 94 శాతం విజయం కనిపించింది.

వేరు నిలువుగా చీలితే మాత్రం ఇవేవీ పనికిరావు. ఆ పగులు వెంట ఎముక రోజురోజుకూ కరిగిపోతుంది. ఎంత ఆలస్యమైతే తర్వాత ఇంప్లాంట్ పెట్టడానికి అంత తక్కువ ఎముక మిగులుతుంది. పగులు ఖాయమని తేలితే వారాల్లోనే తీయించేసి, ఆ ఖాళీలో ఇంప్లాంటా బ్రిడ్జా అన్నది పన్ను తీసే రోజుకు ముందే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి. బహువేర్ల దవడపన్నులో ఒక్క వేరే చీలితే, ఆ ఒక్కదాన్నే తీసి మిగతా పన్నును ఉంచే వీలుందేమో కూడా ఆ రోజే అడగండి.